త్రిపిటకమున అంధకుల పూర్వపక్షము

వంశధార సముద్రమున గలియు కళింగపట్టణమునకు సమీపమున, ఆ నదికి దక్షిణపు గట్టున శాలిహుండమను గ్రామము కలదు. టెక్కలి, నందిగాము, పలాసల వారికిని ఉద్దానపు తీరవాసులకును సుపరిచితమైన బౌద్ధక్షేత్ర మిది. దీనిని 1919వ సంవత్సరమున లోకమునకు దెలిపినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. భాషావిషయమున గ్రాంథికవాదులకు వారితో నెంత వైమత్యమున్నను ఈ ఋణము మాత్రము తీర్పరానిది. కొండపై స్తూపములు, చైత్యగృహములు, తారా మరీచీ ప్రతిమలు బయల్పడినవి. వేయేండ్లకు పైబడి భిక్షువు లచట నివసించిరి. ఱాళ్లు నిలిచెను, కాని తెలుగుదేశపు బౌద్ధనికాయములవారు వల్లించిన గ్రంథములలో నొక్కటియు సమగ్రముగా నిలువలేదు. ఇక వారి మాటలను వెదుకదగిన చోటు వారి ప్రతివాదుల పిటకమే.

త్రిపిటకము ఒక్కనాడు పుట్టినది కాదు. బుద్ధనిర్వాణానంతరము రాజగృహమున మహాకాశ్యపుని యాధిపత్యమున ఉపాలి వినయమును, ఆనందుడు ధర్మమును జెప్పగా స్థవిరులు సంగీతి చేసిరని సంప్రదాయము. నూఱేండ్లకు వైశాలియందు రెండవ సంగీతియు, అశోకుని కాలమున పాటలీపుత్రమందు మూడవదియు జరిగెనందురు. సంగీతి శబ్దమునకు సభ యని యర్థము చెప్పుట వాడుకయైనది గాని, ధాత్వర్థమును బట్టి చూడ నది కలిసి పాడుట. పదిమంది గొంతు లేకమైన పాఠమే ప్రమాణపాఠము. క్రీ.పూ. మొదటి శతాబ్దమున సింహళమందు వట్టగామణి అభయుని కాలమునగాని యది పత్రముల కెక్కలేదు. ఎక్కిన పిమ్మటను కంఠపాఠము పోలేదు. క్రీ.శ. మూడవ శతాబ్దపు నాగార్జునకొండ శాసనమున ఆనందుడను భదంతుడు దీఘ మజ్ఝిమ నికాయములను ధరించినవాడుగా వర్ణింపబడెను. ఘనపాఠుల నెఱిగిన దేశమున ఈ ‘ధర’ శబ్దమునకు వ్యాఖ్య యక్కఱలేదు.

మూడవ సంగీతియందు మొగ్గలిపుత్త తిస్సుడు ప్రకటించినదని చెప్పబడు కథావత్థువు అభిధమ్మపిటకమున జేరినది. అందు ఇరువదిమూడు వర్గములు, రెండువందలకు మించిన వాదములు కలవు. పరవాది యెవ్వడో మూలము చెప్పదు. పేళ్లు చెప్పునది బుద్ధఘోషునిదిగా ప్రసిద్ధమైన అట్ఠకథ. అంధకు లనగా పుబ్బసేలియులు, అపరసేలియులు, రాజగిరియులు, సిద్ధత్థికులని అందున్నది. ఆంధ్రశబ్దమే పాలియందు రేఫము లోపించి, సంయోగమునకు ముందరి దీర్ఘము హ్రస్వమై, క ప్రత్యయముతో అంధక యైనది. పాణినిసూత్రమున వృష్ణులతో గూడ వచ్చు అంధకులకును వీరికిని సంబంధము లేదు. ధరణికోట ధర్మచక్రస్తంభ శాసనమున పూర్వశైలీయుల పేరును, నాగార్జునకొండ శాసనములలో అపరమహావినసేలియుల పేరును గానవచ్చుచున్నవి గాన అట్ఠకథ మాట కల్పన గాదు.

అయినచో నొక చిక్కు. ఈ నికాయములు తరువాత బుట్టినవని యా అట్ఠకథయే చెప్పుచున్నది. అశోకుని కాలపు గ్రంథము అప్పటికి లేనివారి నెట్లు ఖండించును? బుద్ధుడు భావివాదముల నెఱిగి మాతృకను ముందే స్థాపించెననియు, తిస్సుడు స్వవాదివి ఐదువందలు, పరవాదివి ఐదువందలు సూత్రములు గూర్చి దానిని విస్తరించెననియు, కావున నిది బుద్ధవచనమే యనియు అట్ఠసాలిని సమాధానము. ఇది నవ్విపుచ్చదగినది కాదు. మాతృక వేఱు, విస్తరము వేఱు అని యిందు సంప్రదాయమే యొప్పుకొనుచున్నది. వాదములు పుట్టిన కొలది ప్రకరణములు చేరుచు వచ్చెనని పరిశోధకులు చెప్పుమాట దీనికి దూరము గాదు. వైయాకరణుల కిది క్రొత్తయు గాదు: కాత్యాయనుని వార్తికములు మహాభాష్యముననే నిలిచినవి, ఎంతవఱకు వార్తికము, ఎచ్చట భాష్యము అని వేఱుచేయుటయే శ్రమ. భేద మొక్కటి: పతంజలి కాత్యాయనుని గౌరవించెను, కథావత్థువునకు అంధకులు శత్రువులు.

శత్రువు నోట విన్నమాట నమ్మదగునా? ఒక వాదమును చూడుడు. బుద్ధుని వ్యవహారము, అనగా వాక్కు, లోకోత్తరమని పరవాది ప్రతిజ్ఞ. ఇది అంధకులదని అట్ఠకథ. అట్లైన ఆ వాక్కు లోకోత్తరమైన చెవికే తగులునా, లౌకికమైన చెవికి తగులదా యని స్వవాది యాక్షేపము. ఆక్షేపము పదునైనదే. కాని ఏడవ శతాబ్దమున చంద్రకీర్తి మధ్యమకావతారభాష్యమందు పూర్వశైలీయుల గాథలను గొన్నిటి నుదాహరించెను. వానితో సరిపోలు లోకానువర్తనసూత్రమును రెండవ శతాబ్దముననే లోకక్షేముడు చీనాభాషలోనికి దెచ్చియుండెను. బుద్ధునకు స్నానముతోను, ఆహారముతోను, ఔషధముతోను పనిలేకున్నను లోకము ననుసరించి యట్లు చూపెనని దాని భావము. కావున కథావత్థువు ప్రతిజ్ఞను వక్రించి చెప్పలేదు. అయితే పైయాక్షేపమునకు వారి యుత్తరము లోకానువర్తనమే యై యుండవలెను. పిటకమున దానికి చోటు దొరకలేదు.

అంధకులకు అట్ఠకథయు నుండెను. వినయమునకు వ్యాఖ్యయైన సమంతపాసాదిక ‘అంధకట్ఠకథ’ను పేర్కొని, పలుచోట్ల నిరాకరించినది. ఆ మూల మిపుడు లేదు. నిరాకరణవాక్యముల నన్నిటిని ఏఱి యొక్కచో గూర్చి, కృష్ణాతీరపు ప్రాకృతశాసనములతో సరిచూచినగాని, అంధకుల వినయవ్యాఖ్య సింహళస్థవిరుల వ్యాఖ్యతో నెచ్చట విడివడెనో తేలదు.