ముల్లు కదలడం లేదా? తొందరపడి మీటరు మార్చకండి!

తెల్లారకముందే టమాటా ట్రేలు ఎత్తుకుని మార్కెట్ యార్డుకు బయలుదేరారు. బండి పరుగెడుతూనే ఉంది. మీటరు ముల్లు మాత్రం సున్నా దగ్గరే కూర్చుంది. షెడ్డుకు తీసుకెళ్తే ‘మీటరు పోయింది, కొత్తది వేయాలి’ అంటారు. జేబులో చెయ్యి పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి.

బాగా పాత పికప్‌లలో గేర్‌బాక్సు నుంచి మీటరుకు కేబుల్ ఉంటుంది. తర్వాత వచ్చిన వాటిలో దాని బదులు స్పీడ్ సెన్సారు పెట్టారు. సాధారణంగా ఇది గేర్‌బాక్సు వెనుక భాగాన ఉంటుంది. షాఫ్టు తిరిగేకొద్దీ కరెంటు సంకేతాలు మీటరుకు పంపుతుంది. ముల్లుతోపాటు కిలోమీటర్ల అంకె కూడా ఆగిపోతే ముందు సెన్సారు వైపే చూడాలి. అంకె తిరుగుతూ ముల్లు ఒక్కటే ఆగితే మీటరును అనుమానించవచ్చు.

ఖర్చు లేని పరీక్షలు

మొదట ఫ్యూజు చూడండి. తర్వాత సెన్సారు కప్లర్ ఊడదీయండి. దమ్ము చేసిన మళ్లలో తిరిగిన బండికి అందులో బురద, చిలుము చేరతాయి. శుభ్రం చేసి గట్టిగా బిగించండి. గడ్డివాము పక్కన నిలిపే బండి అయితే ఎలుకలు వైరు కొరికాయేమో చివరిదాకా వెతకండి.

మల్టీమీటరు ఉంటే

మూడు వైర్ల సెన్సారుకు ఒకటి సరఫరా, ఒకటి ఎర్త్, ఒకటి సంకేతం. తాళం ఆన్ చేసి, ఇంజను ఆపి, సరఫరాకూ ఎర్త్‌కూ మధ్య కొలవండి. బండిని బట్టి 12 లేదా 5 వోల్టులు రావాలి. రాకపోతే లోపం సెన్సారుది కాదు, వైరింగ్‌ది.

సరఫరా ఉంటే ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వదిలి, ఒక వెనుక చక్రం లేపండి. ఇరుసు కింద గట్టి దుంగ పెట్టాలి. ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి దూరకండి. కప్లర్ తగిలించే ఉంచి, ఒకరు చక్రం మెల్లగా తిప్పుతుంటే ఇంకొకరు సంకేతం వైరు చూడాలి. వోల్టు పెరుగుతూ తగ్గుతూ ఉంటే సెన్సారు మంచిదే. మీటరు దాకా వైరు, ఆ తర్వాతే మీటరు చూడాలి. కదలకపోతే సెన్సారు విప్పి, దానికి ప్లాస్టిక్ పళ్లచక్రం ఉంటే అరిగిందేమో చూసి, అప్పుడు సెన్సారు మార్చండి.

ముల్లే కదా అని వదిలేయకండి. కిలోమీటర్ల లెక్క ఆగితే ఇంజను ఆయిలు మార్చే గడువు తెలియదు. బాగయ్యేదాకా ప్రతి ట్రిప్పు దూరం నోటుబుక్కులో రాసుకోండి. పాత బండి కొనబోయే రైతులూ, నడిపి చూసి, అంకె తిరుగుతోందని తేలాకే బేరమాడండి.