ఒలికించిన రంగుల చిత్రము

“మాకు కుంచె పట్టుట రాదు” అని చిత్రకళకు దూరముగా నిలిచినవారు మన యిండ్లలో ఎందరో కలరు. అట్టివారికి అనువైన పద్ధతి యొకటి ఉన్నది. ఆక్రిలిక్ రంగులను జారుగా కలిపి, గుడ్డ బిగించిన చట్రముపై ఒలికించి, దానిని అటునిటు వంచినచో రంగులే చిత్రమగును. అయితే ఇది కేవలము అదృష్టమని తలచినవారికి నిరాశయే మిగులును. తిరుమలాయపాలెములో ఒక యింట తొలిసారి ప్రయత్నించినప్పుడు ఆ సంగతి మాకు బోధపడినది.

రాత్రి నేలపై ఆరబెట్టిన చిత్రము తెల్లవారునప్పటికి ఒక మూలకు జారిపోయి యున్నది. కారణమేమి? కడిగిన నీరు తూమువైపు పోవుటకై మన యిండ్ల గచ్చును కొద్దిపాటి వాలుతో వేయుదురు. కంటికి కానరాని ఆ వాలే తడిరంగునకు చాలును. రెండవసారి నాలుగు గ్లాసులు బోర్లించి, వానిపై చట్రము నుంచి, తాపీవారి రసమట్టముతో సరిచూచితిమి. చిత్రము నిలిచినది.

ఇక కలపుట. రంగు ఒక వంతు, వడ్రంగులు వాడు తెల్లజిగురు రెండు వంతులు, నీరు కొద్దికొద్దిగా చేర్చవలెను. చిరకాలము నిలువవలసిన చిత్రమునకు దుకాణములలో దొరకు పోరింగ్ మీడియమే మేలు. పుల్లతో ఎత్తినప్పుడు మిశ్రమము తెగని తీగవలె జారి, కప్పులో క్షణకాలము చిన్న గుట్టగా నిలిచి మునుగవలెను. నీరు మితిమీరినచో రంగును పట్టియుంచు బంధము సడలును. బుడగలు లేవకుండ మెల్లగా కలిపి, పది నిమిషములు కదపక ఉంచవలెను. ఎనిమిదంగుళముల వెడల్పు, పదియంగుళముల పొడవు గల చట్రమునకు సుమారు 100 మిల్లీలీటర్ల మిశ్రమము సరిపోవును.

ఒకే కప్పులో మొదట తెలుపును, దానిపై నలుపు, నీలము వంటి రంగులను పొరలుగా పోయుడు. కప్పును చట్రముపై బోర్లించి, ఒక నిమిషమాగి ఎత్తుడు. ఇప్పుడు తెలుపు పైకి వచ్చును. తెలుపులోని టైటానియం డయాక్సైడు బరువైనది. అది క్రిందికి దిగుచుండగా తేలిక రంగు పైకి లేచును. అందువలన తేనెపట్టు గదులవంటి ఆకృతు లేర్పడును. మెక్సికో చిత్రకారుడు సికేరోస్ 1930వ దశకములోనే ఇట్టి ప్రయోగములు చేసెను. ఆ దేశపు శాస్త్రజ్ఞులు 2015లో ఈ కారణమును ప్రయోగపూర్వకముగా వివరించిరి.

చట్రమును మెల్లగా వంచి, రంగు నాలుగు మూలలకు చేరగానే ఆపవలెను. ఇంకను బాగుపడునేమోయని వంచుచు పోయినచో ఏర్పడిన గదులు సాగి చెదరిపోవును. ముగ్గు పెట్టు చేతికి పిండి ఎంత విడువవలెనో తెలిసినట్లు, ఇచ్చట ఎప్పుడు ఆపవలెనో తెలియుటయే నేర్పు.

ఆరుటకు ఒకటి మొదలు మూడు దినములు పట్టును. వేసవిలో ఎండకు గాని, పంకా గాలికి గాని పెట్టరాదు. పైపొర ముందుగా ఎండి బీటలు వారును. దుమ్ము పడకుండ ఎత్తుగా అట్టపెట్టె కప్పుడు.

చివరి మాట మిక్కిలి ముఖ్యమైనది. ఆక్రిలిక్ ఆరిన పిమ్మట ప్లాస్టికే. మిగిలిన రంగును తూములో కడిగినచో అది కాలువకు, చెరువుకు చేరును. కప్పులోనే ఆరనిచ్చి, పొరగా ఊడదీసి చెత్తలో వేయుడు. కుంచెలను, పుల్లలను ముందు పాతగుడ్డతో తుడిచి, పిదప కడుగుడు. ఇంటి గోడకు అందము కూర్చు ప్రయత్నము ఊరి నీటికి కీడు కారాదు గదా!