ఉద్యోగం ఇచ్చేవాడు ఫీజు అడగడు

గత నెల నరసరావుపేట దగ్గరి ఊరి నుంచి ఒక రైతు ఫోన్ చేశారు. కొడుకు బీటెక్ పూర్తయి ఏడాదిన్నర. మాదాపూర్‌లో ఒక సంస్థ మూడు నెలలు ట్రైనింగ్ ఇచ్చి తనే ఉద్యోగంలో పెట్టుకుంటుందట. రెండున్నర లక్షలు కట్టాలి. సగం ముందు, సగం ఆఫర్ లెటర్ చేతికొచ్చాక. "ఏఐ వచ్చినాక కంపెనీలు సొంత ఖర్చుతో నేర్పడం మానేశాయంటగా సార్, మనమే కట్టుకోవాలంటగా?" అన్నారు. మిర్చి అమ్మిన డబ్బులోంచి మొదటి సగం అప్పటికే కట్టేశారు. నా నోట అవునన్న మాట వింటే ఆ రాత్రి నిద్రపడుతుందని చేసిన ఫోన్ అది. కాదని చెప్పాల్సి వచ్చింది.

ఆ "అంటగా" ఎస్సార్ నగర్ హాస్టళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో, పెళ్లిళ్ల భోజనాల దగ్గర తిరుగుతోంది. దానికి ఊతంగా ఒక నిజమైన వార్తను కూడా చూపిస్తున్నారు. 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ మైసూరు క్యాంపస్ నుంచి 300 మందికి పైగా ట్రైనీలను ఇంటికి పంపింది. "చూశారా, ట్రైనింగ్ ఎత్తేస్తున్నారు" అని ప్రచారం. ఆ వార్త పూర్తిగా చదివినవాళ్లు ఆ మాట అనలేరు. ఆ పిల్లలు అంతర్గత పరీక్షలో మూడుసార్లు తప్పారని కంపెనీ చెప్పింది. వాళ్లకు జరిగింది న్యాయమా అన్నది అడగాల్సిన ప్రశ్నే. కానీ వాళ్లను తీసుకున్నది కంపెనీ, నేర్పింది కంపెనీ, నేర్చుకున్నన్నాళ్లూ డబ్బు ఇచ్చింది కూడా కంపెనీయే. ట్రైనింగ్ ఎత్తేశారనడానికి ఇది సాక్ష్యం ఎలా అవుతుంది?

ట్రైనింగ్ ఎత్తేస్తున్నారన్నదే నిజమైతే యాక్సెంచర్ 2024లో యుడాసిటీ అనే ఆన్‌లైన్ బోధన సంస్థను ఎందుకు కొన్నట్టు? శిక్షణ వ్యాపారం మీద మూడేళ్లలో వంద కోట్ల డాలర్లు పెడతామని ఎందుకు ప్రకటించినట్టు? ఏ క్లయింటు పాత కోడ్ ఎలా ఉంటుందో, ఏ బ్యాంకు లెక్కలు ఏ పద్ధతిలో నడుస్తాయో బయటి కోచింగ్ సెంటర్ నేర్పలేదు. అది లోపలివాళ్లే నేర్పాలి. కొన్ని శిక్షణలు మానేస్తామంటే చట్టమే ఒప్పుకోదు: పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం అవగాహన కార్యక్రమాలు పెట్టే బాధ్యతను యజమాని మీదే ఉంచింది. ఫ్రెషర్ల నియామకాలు తగ్గాయి, నిజమే. ఆఫర్ ఇచ్చి నెలల తరబడి పిలవని కంపెనీలూ ఉన్నాయి. అంతమాత్రాన ఉన్న సీట్లను అమ్మకానికి పెట్టారని అర్థం కాదు.

మరి ఈ సంస్థలు చేసేదేమిటి? నెలవారీ అద్దెకు దొరికే అద్దాల ఆఫీసులో కొన్ని సీట్లు తీసుకుంటారు. ఐడీ కార్డు, ల్యాప్‌టాప్ ఇస్తారు. మొదటి రెండు నెలలు "జీతం" పడుతుంది. అది మీరు కట్టిన డబ్బే. ఆ జీతం మెసేజ్ చూసి అబ్బాయి తన రూమ్మేట్లను కూడా తీసుకొస్తాడు. సరిపడా మంది చేరాక ఒక సోమవారం ఆఫీసుకు తాళం ఉంటుంది. సైబరాబాద్ పోలీసుల దగ్గరికి ఈ తరహా ఫిర్యాదులు కొత్త కాదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినట్టు అంటారే, అచ్చం అదే.

తాళం వేయని రకం ఇంకా ప్రమాదం. వాళ్లు మూడేళ్ల దొంగ అనుభవం రాసిచ్చి, ఇంటర్వ్యూలో ప్రాక్సీని కూర్చోబెట్టి లోపలికి పంపుతారు. తరవాత వెరిఫికేషన్‌లో పీఎఫ్ సర్వీసు చరిత్ర అడుగుతారు, ఆదాయపు పన్ను ఫారం 26ఏఎస్ అడుగుతారు. పనిచేయని కంపెనీ వాటిలో ఉండదు. అప్పుడు డబ్బు తీసుకున్నవాడు పక్కకు తప్పుకుంటాడు, మోసం చేసినవాడన్న ముద్ర మాత్రం పిల్లవాడి మీద పడుతుంది. ఇది తలచుకుంటే నాకు కోపం ఆగదు.

చదువు చెప్పి ఫీజు తీసుకోవడం తప్పని నేననడం లేదు. మెయిన్‌ఫ్రేమ్ రోజుల నుంచి అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల నేర్చుకుని అమెరికా దాకా వెళ్లినవాళ్లు వేలల్లో ఉన్నారు. అక్కడ మంచి మాస్టారు డెమో క్లాసు చెబుతాడు, నచ్చితే చేరమంటాడు. అతను అమ్మేది పాఠం. ఆఫర్ లెటర్‌కు రేటు కట్టినవాడు మాస్టారు కాదు.

ఇంట్లో కూర్చునే నేర్చుకోవచ్చు కదా అంటే, ఒక మాట మాత్రం, ఇష్టం లేకపోయినా, ఒప్పుకోక తప్పదు: "ఆన్‌లైన్ కోర్సు మొదలుపెట్టేవాళ్లే గానీ పూర్తి చేసేవాళ్లు ఉండరు." 2012లో ఎంఐటీ పెట్టిన ఎడెక్స్ తొలి కోర్సుకు దాదాపు 1,55,000 మంది పేరు నమోదు చేసుకుంటే, పాసైనవాళ్లు 7,157 మంది. అయిదు శాతం కూడా లేదు. యాభై ఏళ్లలో ప్రపంచం మొత్తానికి పది ఉన్నత విద్యాసంస్థలే మిగులుతాయని ఆ ఏడాదే జోస్యం చెప్పిన సెబాస్టియన్ థ్రన్ స్థాపించినదే ఆ యుడాసిటీ. విశ్వవిద్యాలయాలు అలాగే ఉన్నాయి, అమ్ముడుపోయింది అదే. కానీ లోపం వీడియోది కాదు, చూసి ఊరుకోవడంలో ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. పాఠం మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే, చదివాక పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు వారం తరవాత ఎక్కువ గుర్తుంది. అందుకే పరీక్ష ఉన్న కోర్సే తీసుకోండి. ఐఐటీల ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితం. వెయ్యి రూపాయలు కట్టి, కేంద్రానికి వెళ్లి, గుర్తింపు కార్డు చూపించి రాసే పరీక్షకే సర్టిఫికెట్. ఇంట్లో మౌస్ నొక్కితే వచ్చే పది సర్టిఫికెట్ల కంటే అది మేలు.

నేర్చుకోవడం గురించి తిరిగే చిన్న అపోహలు ఇంకా కొన్ని. కొందరు చూసి, కొందరు విని నేర్చుకునే రకమని పిల్లలను విడగొట్టి బోధిస్తే లాభమన్నదానికి సరైన ఆధారం లేదు. చదివితే 10 శాతం, చేస్తే 90 శాతం గుర్తుంటుందన్న పిరమిడ్‌లో ఆ అంకెలు ఎవరో తరవాత అతికించినవి. 1946 నాటి ఎడ్గర్ డేల్ మూల చిత్రంలో అంకెలే లేవు. ఏఐ వస్తే ట్రైనర్లు ఉండరన్నది కూడా ఇలాంటిదే: స్లయిడ్లు చదివి వినిపించేవాళ్లకు గడ్డుకాలమే, మీ కోడ్‌లో తప్పు చూపించి మళ్లీ రాయించేవాళ్లకు కాదు.

ఆ రైతుకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. రెండో సగం కట్టకండి. రసీదులు, చాట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుని స్టేషన్‌కు వెళ్లండి. ఆ సంస్థ పేరు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఉందేమో చూడండి. ఉన్నంత మాత్రాన మంచిదని కాదు, లేకపోతే మాత్రం అక్కడితో ఆగిపోండి. అబ్బాయిని అప్రెంటిస్‌షిప్‌కు పంపండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద 30 మంది లేదా అంతకు మించి పనివాళ్లున్న సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే, నెలనెలా స్టైపెండ్ ఇవ్వాల్సిందే. డిగ్రీ, డిప్లొమా చదివినవాళ్లకు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ నాట్స్ ఉంది. ఆధార్, మార్కుల జాబితా దగ్గర పెట్టుకుంటే ఈ సాయంత్రమే పేరు నమోదు చేసుకోవచ్చు. రూపాయి కట్టక్కర్లేదు.