పాత జీపుకు కొత్త ఇంజిన్ వేసే ముందు

తాతల నాటి జీపు ఇంకా షెడ్డులో ఉన్న తెలుగు ఇళ్ళు బళ్ళారి పక్కన, హోసూరు పక్కన, రాయగడ కొండల్లో నేటికీ ఉన్నాయి. పిల్లలు దాన్ని అమ్మనివ్వరు, ఉన్నది ఉన్నట్టు నడపనూ లేరు. "థార్ ఇంజిన్ వేసేద్దాం" అంటారు. ఈ మాట సంఘం ఆఫీసులో మాకు తరచు వినబడుతోంది కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నాం.

ముందు పాత బండి లెక్క చూద్దాం. మహీంద్రా సీజే 3బీ ఇరుసులో గేరు నిష్పత్తి 5.38. చక్రం ఒక చుట్టు తిరగాలంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ అయిదు చుట్లకు పైగా తిరగాలి. టాప్ గేరులో ఇంజిన్‌దీ షాఫ్ట్‌దీ ఒకటే వేగం. పాత 16 అంగుళాల టైర్లతో గంటకు 60 కిలోమీటర్లు పోతుంటే ఇంజిన్ నిమిషానికి సుమారు 2,370 చుట్లు, 80లో పోతే 3,150కి పైగా తిరుగుతుంది. హైవే మీద ఆ మోత అందుకే. 0.8 నిష్పత్తితో అయిదో గేరు ఉన్న బాక్సు పెడితే 60కి 1,900 చాలు. చాలామందికి నిజంగా కావలసింది ఇదేనని మా అభిప్రాయం.

ఇంజినే మార్చాలంటే కథ వేరు. ఎంఎం 540లో వచ్చిన ప్యుజో 2,112 సీసీ డీజిల్ టార్క్ సుమారు 120 న్యూటన్ మీటర్లు. 2010లో వచ్చిన థార్ సీఆర్‌డీఈది 247. లో రేంజి, ఫస్ట్ గేరు వేసినప్పుడు ఈ బలం ఎన్నో రెట్లయి పాత ఇరుసు మీద పడుతుంది. క్రాసులో, క్రౌన్ పినియనో, యాక్సిల్ షాఫ్టో ఏదో ఒకటి పోతుంది. అందుకే ఇంజిన్, క్లచ్, గేరు బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు ఒకే బండివి సెట్టుగా తెచ్చుకోవాలి. వైరింగూ, ఈసీయూ, యాక్సిలరేటర్ పెడలూ కూడా ఆ బండివే కావాలి.

పాత సీజేలో షాఫ్టులు రెండూ కుడిపక్క నుంచి వెళ్తాయి, డిఫరెన్షియల్ కూడా అటే ఉంటుంది. కొత్త ట్రాన్స్‌ఫర్ కేసులో వెనక షాఫ్ట్ నడిమధ్య నుంచి వస్తే కోణం కుదరదు, ఇరుసూ మార్చాల్సిందే. వెనకది ఒక్కటే మార్చి ముందుది వదిలేస్తే, నిష్పత్తులు తేడా వచ్చి, గట్టి నేల మీద ఫోర్ వీల్ వేయగానే రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. బ్రేకుల మాట మెకానిక్కు చెప్పకపోయినా మీరే అడగండి. బూస్టరు లేని డ్రమ్ములతో ఆ వేగాన్ని ఆపడం కష్టం.

ఇక కాగితాలు. మేము ఉద్యోగమంతా ఫైళ్ళతోనే గడిపాం కనుక ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాం. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు, సీసీ, ఇంధనం ఉంటాయి, గేరు బాక్సు నంబరు ఉండదు. పైన బాక్సు వైపు మొగ్గు చూపడానికి ఇదీ ఒక కారణం. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట చూసేది ఇంజిన్ నంబరే.

మనవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. బండి నంబరు ఆంధ్రాది, ఇల్లు కర్ణాటకలోనో ఒడిశాలోనో. పన్నెండు నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే అక్కడ నంబరు మార్చుకోవాలి. ముందు పాత ఆర్టీవో నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ, తర్వాత ఇక్కడ ఫారం 27. పదిహేనేళ్ళు దాటిన రిజిస్ట్రేషన్‌కు ఫారం 25తో రెన్యువల్. ఇవి తెమలకుండా ఇంజిన్ దించితే, ఇన్‌స్పెక్టరు ఛాసీ, ఇంజిన్ నంబర్లు సరిచూసే రోజున ఆర్‌సీలో ఒకటి, బండిలో ఇంకొకటి ఉంటుంది.

కొనే ఇంజిన్‌కు బిల్లు, అది వచ్చిన బండి ఆర్‌సీ రద్దయిన కాగితం తప్పక తీసుకోండి. రాతపూర్వక అనుమతి చేతికొచ్చేదాకా పాత ఇంజిన్‌ను తుక్కుకు అమ్మకండి.