అభయాంజనేయుడికి దండం పెట్టి... బెజవాడలో భోంచేసి!

అబ్బాయి ఉద్యోగం ధర్మమా అని ఓ నెల్లాళ్ళు యూరప్ చూసొచ్చిన పెద్దవాళ్ళు హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పుడు వీధికొకరు కనిపిస్తారు. గన్నవరంలో విమానం దిగి ఇంటికొచ్చాక వారం రోజులపాటు వాళ్ళ నోట ఒకటే మాట. ‘బుడాపెస్టులో డాన్యూబ్ ఒడ్డున కూర్చుని కాఫీ తాగాం... ప్రాగ్‌లో వంతెన మీద నడుచుకుంటూ అవతలికెళ్ళి భోంచేశాం... ఊరు ఊరంతా ఏటి ఒడ్డునే ఉంటుందనుకో వదినా!’ అని. వదినగారు ఊఁ కొడుతుంది కానీ మనసులో మాట వేరు. నలభై కిలోమీటర్ల దూరంలో మనకీ ఓ నది ఉంది. దాని ఒడ్డున పేద్ద ఊరుంది. తిండికీ సందడికీ అక్కడ కొదవేం లేదు. మరి పెళ్ళి బట్టలకీ, ఆసుపత్రులకీ తప్ప ఆ ఊరికని ప్రత్యేకంగా వెళ్ళింది ఎప్పుడూ?

ఈ ఆదివారం వెళ్ళొస్తే సరి!

స్టేషన్ నూజివీడుది... ఊరు జంక్షన్‌ది

హనుమాన్ జంక్షన్ అంటే కూడలికి పుట్టిన ఊరు. ఇటు విజయవాడ, అటు ఏలూరు, ఉత్తరాన నూజివీడు, దక్షిణాన గుడివాడ. నాలుగు దారులు కలిసేచోట అభయాంజనేయస్వామి. జాతీయ రహదారి మీద వెళ్ళే డ్రైవర్లు ఆగి దండం పెట్టుకుని, ఓ టీ తాగి బయల్దేరడం ఏళ్ళ తరబడి ఆనవాయితీ. బైపాస్ వచ్చాక పెద్ద బళ్ళు ఊరి బయటనుంచే వెళ్ళిపోతున్నాయి. కూడలికి కాస్త ఊపిరాడింది, టీకొట్లకి కాస్త బేరం తగ్గింది. రెండూ నిజమే.

రైలెక్కాలనుకునే కొత్తవాళ్ళకి ఇక్కడో తమాషా. స్టేషన్ బోర్డు మీద ఉండేది నూజివీడు పేరు! ఆ బోర్డు చూసి దిగినవాళ్ళు అసలు నూజివీడు చేరడానికి మళ్ళీ బస్సెక్కాలి. బస్సయితే ఈ గొడవ లేదు. ఏలూరు నుంచి వచ్చేవి వస్తూనే ఉంటాయి. 2025 ఆగస్టు 15న మొదలైన ఉచిత బస్సు పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్ళకి టికెట్టు బాధ కూడా తీరింది. కాబట్టి అమ్మమ్మనీ తీసుకెళ్ళండి. బెజవాడ తిండి గురించి ఇంట్లో అందరికంటే ఎక్కువ తెలిసింది ఆవిడకే.

ఎప్పుడు వెళ్ళాలీ అన్నది మాత్రం ఈ ప్రాంతం వాళ్ళకి తెగని చిక్కు. నూజివీడు చిన్నరసాలు, పెద్దరసాలు చేతికొచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. సరిగ్గా అప్పుడే విజయవాడ నిప్పుల కొలిమి. ‘బ్లేజ్‌వాడ’ అని కట్టమంచి రామలింగారెడ్డి చమత్కరించారని ఊరికే చెప్పుకోరు. చల్లగా ఉంటుందని డిసెంబర్లో వెళితే పండు దొరకదు, పండు కోసం మే నెలలో వెళితే తలమీద గుడ్డ తీయలేం. ఊళ్ళో తిరుగుడంతా పొద్దున పదిలోపు, సాయంత్రం అయిదు తర్వాత పెట్టుకుని, మధ్యాహ్నం భోజనానికీ ఓ కునుక్కీ వదిలేయడమొక్కటే మార్గం.

వెన్న పూసిన ఇడ్లీ

వీరవల్లి, తేలప్రోలు, గన్నవరం దాటి రామవరప్పాడు దగ్గరికొచ్చేసరికి ఏలూరు కాలువ పలకరిస్తుంది. కృష్ణమ్మ ఊళ్ళోకి పంపిన కబురు అది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ... మూడూ ఊరిని చీల్చుకుంటూ వెళతాయి. లారీలు లేని రోజుల్లో సరుకులు, జనం ఈ కాలువల మీద పడవల్లోనే తిరిగేవారు. వెనిస్‌తో పోల్చి మురిసిపోయేవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడా నీళ్ళలో తేలే ప్లాస్టిక్ సంచులు చూస్తే ఆ పోలిక నోటివెంట రాదు!

టిఫినుకి గాంధీనగర్. సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులకి పేరుపడ్డ పేట అది. అక్కడే బాబాయ్ హోటల్. 1942 నాటిదని చెప్పే ఈ హోటల్ పేరుతోనే 1992లో జంధ్యాల ఓ సినిమా తీశారు. అందులో కథానాయకుడు బ్రహ్మానందం. హోటల్లో అసలు కథానాయిక మాత్రం ఇడ్లీ. వేడి ఇడ్లీ మీద తెల్లటి వెన్న, పక్కన కారప్పొడి, అల్లం పచ్చడి. వెన్న కరిగి ఇడ్లీలోకి దిగుతుండగా తినాలి. ఫోన్లో ఫొటో తీసి నలుగురికీ పంపించాక తింటే ఆ రుచి దొరకదు. పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్ళండి.

అక్కణ్ణుంచి అమ్మవారి గుడి. ఆదివారం కొండమీద రద్దీ మామూలే. దసరా రోజుల్లో, అందునా మూలా నక్షత్రం నాడు పసిపిల్లలతో వెళ్ళడం సాహసమే. దర్శనం సంగతెలా ఉన్నా ప్రసాదం పులిహోర మర్చిపోకండి. చింతపండు పులుపు ఎక్కడ ఆపాలో తెలిసిన చేతులు కలిపిన పులిహోర అది.

ఎద్దుల కుండలోంచి పెళ్ళి విందులోకి

మధ్యాహ్న భోజనం ఎక్కడన్నది ఎవరి జేబుని బట్టి వాళ్ళిష్టం. గవర్నర్‌పేటలో, బందరు రోడ్డులో ఏసీ హోటళ్ళు బోలెడు. సందుల్లో మెస్సులకీ లోటు లేదు. ఎక్కడ కూర్చున్నా చూడాల్సింది ఒక్కటే... ఉలవచారు ఉందా, లేదా!

కృష్ణా జిల్లా వాళ్ళకి ఉలవచారు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు కానీ, పట్నంలో పుట్టిన పిల్లలకి చెప్పాలి. ఉలవలు మొదట మనుషుల కోసం ఉడకలేదు. దుక్కిటెద్దుల కోసం పెద్ద కుండలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే బోలెడు నీళ్ళు పోసి గంటల తరబడి ఉడికించేవారు. గింజలు ఎద్దులకి. మిగిలిన చిక్కటి ఎర్రటి కట్టు ఇంట్లోవాళ్ళకి! దానికి చింతపండు రసం, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి చేర్చి సన్నటి సెగమీద మరగబెట్టి, కరివేపాకుతో తాలింపు వేస్తే ఉలవచారు. తొందరపడితే కుదరని వంట. నీళ్ళగా ఉంటే చారు, మరీ చిక్కబడితే ముద్ద. గరిటెకి అంటుకుని నెమ్మదిగా జారితే సరైన పాకం. పొగలు కక్కే అన్నంలో పోసుకుని, పైన ఓ చెంచా వెన్నో మీగడో వేసుకుంటే ఆ ఘాటుకీ ఈ కమ్మదనానికీ సరిపోతుంది. పశువుల పాకలో పుట్టిన ఈ చారు ఇప్పుడు ఈ జిల్లాలో పెళ్ళి భోజనానికి పరువు. హోటళ్ళు దాన్ని బిర్యానీలో కూడా కలిపేశాయి. పెద్దవాళ్ళు ముక్కు విరుస్తారు, కుర్రాళ్ళు లొట్టలేస్తారు. న్యాయంగా చెప్పాలంటే మంచి చేతిలో పడితే అదీ బాగానే ఉంటుంది. అయినా చారుగా తిన్నాకే బిర్యానీ జోలికి వెళ్ళడం పద్ధతి.

చేపల పులుసు అడిగేవాళ్ళకో మాట. నది పక్కనే ఉన్నాం కదా, కృష్ణ చేపే అనుకోవద్దు. హోటల్లో దొరికే బొచ్చె, రాగండి చాలామటుకు కైకలూరు, కొల్లేరు చుట్టుపక్కల చెరువులవి. అంటే జంక్షన్ వాళ్ళకి ఇంటివెనక సరుకే!

వంతెన మీద సాయంత్రం

ఎండ తగ్గాక ప్రకాశం బ్యారేజీ. 1852లో మొదలై 1855కి పూర్తయిన పాత ఆనకట్ట దాదాపు వందేళ్ళు డెల్టాకి అన్నం పెట్టి, 1952లో తెగిపోయింది. తర్వాత 1954-57 మధ్య కట్టిన ఈ బ్యారేజీకి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. పొడవు 1,223 మీటర్ల పైచిలుకు, 70 గేట్లు. అవతలి ఒడ్డు చేరితే సీతానగరం, ఇంకాస్త ముందుకెళితే ఉండవల్లి గుహలు. అక్కడ కొండని నాలుగంతస్తులుగా తొలిచి పడుకోబెట్టిన విష్ణుమూర్తి పిల్లలకి తప్పక చూపించాల్సిన విగ్రహం. మంగళగిరి దాకా ఓపికుంటే పానకాలస్వామి పానకం. స్వామి సగం తాగి సగం మనకే ఇస్తాడని నమ్మకం.

పడవ షికారు సంగతి కాస్త ఆగి ఆలోచించాల్సిందే. నది మధ్య 133 ఎకరాల భవానీ ద్వీపానికి పర్యాటక సంస్థ పడవలు నడుపుతోంది. ప్రవాహం ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆపేస్తారు. ఆపారంటే కారణం ఉందని అర్థం. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో అనుమతి లేని ఓ ప్రైవేటు పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. కార్తీకమాసం ఆదివారం, సరదాగా వచ్చిన కుటుంబాలు. కాబట్టి లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కొద్దు. ‘ఇంకొక్కరు సర్దుకోండి’ అన్న మాట వినబడితే ముందు మీరే దిగిపోండి.

కృష్ణమ్మ కోపం ఈ ఊరికి తెలుసు. 2024 సెప్టెంబరు 2న ఈ బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద వెళ్ళింది. 2009 అక్టోబరులో వచ్చిన వరదని మించిపోయింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్లని గుద్ది కౌంటర్ వెయిట్లని దెబ్బతీశాయి. కృష్ణలంకని రక్షణ గోడ కాపాడింది కానీ, అసలు దెబ్బ మరోవైపు నుంచి వచ్చింది. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేటిలో కలిసే బుడమేరు గట్లు తెంచుకుని సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీల మీద పడింది. మేడలమీద, డాబాలమీద జనం రోజుల తరబడి ఉండిపోయారు. హెలికాప్టర్లూ డ్రోన్లూ ఆహార పొట్లాలు జారవిడిచాయి. చుట్టుపక్కల జిల్లాల నుంచి అన్నం పొట్లాలు, పాల ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు బళ్ళమీద వచ్చాయి. పొద్దున లేస్తే ఇడ్లీ, సాయంత్రమైతే పునుగులంటూ అందరికీ తినిపించే ఊరు, ఆ వారం ఎవరో పంపే పులిహోర పొట్లం కోసం చెయ్యి చాచి నిలబడింది.

సింగ్‌నగర్ వైపు ఇప్పుడు వెళితే బళ్ళమీద మళ్ళీ నూనె కాగుతోంది. టిఫిన్ బండి అంటే ఓ కుటుంబానికి బతుకుతెరువు. స్టవ్వు, పెనం, గిన్నెలు, పిండి డబ్బాలు... నీళ్ళలో పోతే మళ్ళీ మొదటినుంచి కొనుక్కోవాలి. పెద్ద హోటల్లో తిన్నా ఓ పూట బండి దగ్గర ఆగితే బాగుంటుందనేది అందుకే.

పునుగుల వేళ

బండి దగ్గర తినాల్సినవి పునుగులే. పులిసిన పిండి చేత్తో తీసి నూనెలోకి జారవిడుస్తుంటే బుడగల్లా పైకి తేలతాయి. పైన కరకర, లోపల మెత్తన. అల్లం పచ్చడి, పల్లీ చట్నీ పోసి చేతిలో పెడతారు. అరడజను పునుగులంటే ఆరే ఉంటాయనుకోకండి. బేరం బాగున్న రోజు ఒకటి రెండు ఎక్కువే పడతాయి. నిమ్మకాయ పిండి, ఉల్లిపాయ ముక్కలు కూరిన మిరపకాయ బజ్జీకి మాత్రం గోళీసోడా తోడుండాలి. వన్‌టౌన్ వైపు బట్టల కొనుగోలుకి వెళితే అక్కడ మార్వాడీ వ్యాపారుల పుణ్యమా అని కచోరీలూ జిలేబీలూ దొరుకుతాయి. ఇంటికి పట్టుకెళ్ళడానికి బందరు తొక్కుడు లడ్డు. శనగపిండి జంతికల్ని దంచి, జల్లించి, బెల్లం పాకంలో మళ్ళీ దంచే లడ్డు అది. నోట్లో పెట్టుకుంటే నమలక్కర్లేదు, అమ్మమ్మకి అంతకన్నా ఏం కావాలి!

ఇంత తిండి ఉన్న ఊళ్ళో ఒక్కటే వెలితి. ఇడ్లీ గాంధీనగర్‌లో, భోజనం బందరు రోడ్డులో, పునుగులు ఏ సందు చివరో... నది కనిపించేచోట స్థిమితంగా కూర్చుని నాలుగు మెతుకులు తినే ఏర్పాటు మాత్రం చాలా తక్కువ. పుష్కరాలకి ఘాట్లు కట్టారు, వాటి మీద స్నానాలు చేస్తాం, దీపాలు వదులుతాం, బ్యారేజీ మీద నిలబడి మొక్కజొన్న పొత్తు కొరుక్కుంటాం, తిరిగొస్తాం. బుడాపెస్టు వెళ్ళొచ్చిన అక్కయ్యగారికి ఈ విషయంలో జవాబు చెప్పలేం.

అందుకే జంక్షన్ నుంచి వెళ్ళే కుటుంబాలు కొన్ని పాతపద్ధతి పట్టుకున్నాయి. వేసవిలో అయితే ఇంటినుంచే ఓ బుట్టెడు చిన్నరసాలు, గిన్నెడు పెరుగన్నం. పొద్దువాలాక ఘాటు మెట్ల మీద పాత దుప్పటి పరిచి, పండుని అరచేతుల మధ్య మెత్తగా పిసికి, తొడిమ దగ్గర కొరికి జుర్రుకోవడం. ముంజేతి మీదకి కారిన రసాన్ని మోచేతి దగ్గర అందుకోవడంలో పిల్లలకి పోటీలు. టెంకలూ తొక్కలూ నదిలో కాదు, తెచ్చిన బుట్టలోకే!

తిరుగు ప్రయాణానికి రెండు దారులు. రామవరప్పాడు రింగు దగ్గర ఏలూరు బస్సు అందుకుంటే గంటకి అటూ ఇటూగా జంక్షన్. సొంత బండి ఉంటే నున్న, ఆగిరిపల్లి మీదుగా నూజివీడు చుట్టి రావచ్చు. కాస్త ఎక్కువ దూరమే కానీ దారి పొడవునా తోటలు. కాయ సీజన్లో నున్న మామిడి మార్కెట్ దగ్గర లారీలు అడ్డంగా ఉంటాయి, కాస్త ముందుగా బయల్దేరండి. పిల్లలు వెనక సీట్లో ఎలాగూ నిద్రపోతారు. లడ్డు పెట్టె మాత్రం వాళ్ళ చేతికి అందకుండా ముందు పెట్టుకోండి!