పాత గుర్రం, కొత్త రౌతు

ముందు మడ్‌గార్డు మీద ‘5.0’ అని చిన్న బిళ్ల ఉంటుంది. ఐదు లీటర్ల ఇంజనని దాని అర్థం. తీరా లెక్క కడితే లోపలున్నది 4,942 సీసీ. పద్ధతిగా అయితే 4.9 అనాలి. ఫోర్డ్ వాళ్లు ఐదన్నారు, జనం పేచీ పెట్టలేదు సరికదా, కారు పేరు వదిలేసి ‘ఫైవ్ పాయింట్ ఓ’ అనే పిలవడం మొదలుపెట్టారు.

1979 నుంచి 1993 దాకా తయారైన మస్టాంగ్ (అడవి గుర్రమని అర్థం) ఇది. ఫాక్స్ అనే చట్రం మీద కట్టారు కాబట్టి ‘ఫాక్స్ బాడీ’ అన్న పేరు స్థిరపడింది. అదే చట్రం మీద అంతకు ఏడాది ముందే ఫెయిర్‌మాంట్ అనే సంసారపక్షపు కారు వచ్చింది. పిల్లల్ని బడికి దింపి సరుకులు తెచ్చుకునే బండికి అన్నదమ్ముడన్నమాట. ఇంజను వంశం ఇంకా పాతది. 1962లో మొదలైన చిన్న వీ8 పెరిగి పెరిగి 1968కి ఈ సైజుకొచ్చింది. పోత ఇనుము బ్లాకు, మధ్యలో ఒక్కటే క్యామ్‌షాఫ్ట్, వాల్వులను నెట్టే కడ్డీలు. కాలుష్య నిబంధనల దెబ్బకు నీరసించి 1982లో 157 హార్స్‌పవర్ దగ్గరున్న ఇంజను, 1987కి 225కి తేరుకుంది.

నిజానికి ఈ కారు అప్పుడే పోవాల్సింది. మాజ్దాతో కలిసి చేసే ముందు చక్రాల డ్రైవు కారుకి మస్టాంగ్ పేరు తగిలిద్దామని ఫోర్డ్ ఆలోచన. సంగతి బయటికి పొక్కింది. అభిమానులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. కంపెనీ వెనక్కి తగ్గి, ఆ కొత్త కారును ‘ప్రోబ్’ పేరుతో అమ్ముకుంది. పాతది అలాగే కొనసాగింది. పద్నాలుగు, పదిహేనేళ్లు ఒకే చట్రం మీద నడిచిన కారు కావడంతో ఒక ఏడాది బండి సామాను చాలావరకు ఇంకో ఏడాది బండికి పట్టేస్తుంది. జీతం డబ్బులతో శని, ఆదివారాల్లో రేసుకు దిగాలనుకునే అమెరికన్‌కు ఇంతకన్నా ఏం కావాలి?

రేసంటే ఇక్కడ గుండ్రటి ట్రాకు మీద ఎడమకే తిరిగేదీ కాదు, తిన్నగా పావు మైలు దూకేదీ కాదు. కుడికీ ఎడమకీ మలుపులు, ఎత్తుపల్లాలు ఉండే బాట. దీన్నే రోడ్ రేసింగ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఇది ఊపందుకున్నది 1948లో, న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్ అనే చిన్న ఊళ్లో. ఊరి వీధుల్లోనే, రైలు పట్టాలు కూడా దాటుకుంటూ కార్లు పరిగెత్తాయి. 2023లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు తిరిగినప్పుడు ఊరి రోడ్డే ట్రాకుగా మారడం మనమూ చూశాం. వాట్కిన్స్ గ్లెన్‌లో 1952లో రేసు చూస్తున్న ఒక పిల్లవాడు చనిపోయాక కార్లను ఊరి వీధుల్లోంచి తప్పించారు.

ఇప్పుడు కొత్తవాణ్ని సాధారణంగా నేరుగా రేసులోకి వదలరు. 1944లో పుట్టిన ఎస్‌సీసీఏ అనే క్లబ్బు, 1991లో వచ్చిన నాసా (రాకెట్ల నాసా కాదు, కార్లది) ముందు ట్రాక్ డేలనే సాధన రోజులకు రమ్మంటాయి. చాలాచోట్ల పక్క సీట్లో గురువు కూర్చుంటాడు. వెనకాల వచ్చేవాడు తనంతట తాను దాటడానికి లేదు. ముందున్నవాడు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఏ పక్కనుంచి పొమ్మంటాడో వేలితో చూపించాలి. అక్కడ పాసైతే రేసు బడి, ఆపైన లైసెన్సు. నాసాలో ‘అమెరికన్ ఐరన్’ అనే తరగతి ఇలాంటి మస్టాంగులకు, కమారోలకు ఉన్నదే. బరువుకీ పవర్‌కీ నిష్పత్తి కట్టి కార్లను జత చేస్తారు.

కారు కొన్న ప్రతివాడికీ మొదట పుట్టే బుద్ధి ఒకటే: ఇంజనులో ఇంకాస్త పవర్. నా మటుకు అది శుద్ధ దండగ. ఎందుకో లెక్క చెబుతాను. డ్రైవరుతో కలిపి 1,500 కిలోల బండి గంటకు 160 కిలోమీటర్ల మీద వస్తోంది. మలుపు కోసం 80కి తగ్గాలి. వేగం సగమైతే గతిశక్తి సగం కాదు, పావే మిగులుతుంది. ముప్పాతిక భాగం, అంటే దాదాపు 11 లక్షల జౌళ్లు, చాలావరకు బ్రేకుల్లోనే వేడిగా మారాలి. ఆ వేడితో మూడున్నర లీటర్లకు పైగా నీళ్లు మరగబెట్టొచ్చు. ఇదంతా మూడున్నర సెకన్లలో జరిగితే అది 400 హార్స్‌పవర్ పైమాటే. 225 ఇంజనుదైతే, దాన్ని అదుపు చేసే బ్రేకు దానికి దాదాపు రెట్టింపు పని చేస్తోంది. పైగా అదీ ల్యాపుకు ఐదారుసార్లు.

అంత పని చేయాల్సిన ఫాక్స్ బాడీకి కంపెనీ ఇచ్చిందేమిటంటే ముందు చిన్న డిస్కులు, వెనక డ్రమ్ములు. నాలుగో ల్యాపుకో ఐదో ల్యాపుకో డిస్కు వేడి ప్యాడ్లు దాటి, పిస్టన్ దాటి, బ్రేక్ ఆయిల్‌ను చేరుతుంది. పేరుకు ఆయిల్ గానీ గ్లైకాల్ జాతి ద్రవమది. గాలిలో తేమను పీల్చుకునే గుణం దానిది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని నిబంధన. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు కడతాయి. ద్రవం నొక్కితే నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అప్పటిదాకా రాయిలా ఆగిన పెడల్ బురదలో కాలు దిగినట్టు కింది రేకు దాకా దిగిపోతుంది. ఎదురుగా మలుపు.

వైద్యం ఖరీదైనదేం కాదు. ఎక్కువ వేడికి తట్టుకునే కొత్త బ్రేక్ ఆయిల్, రేసు ప్యాడ్లు, బంపర్ దగ్గర్నుంచి డిస్కుల దాకా గాలి తెచ్చే రబ్బరు గొట్టాలు. చివరి ల్యాపు మెల్లగా తిప్పి బ్రేకులు చల్లార్చుకోవాలి. బండి ఆపాక హ్యాండ్‌బ్రేక్ లాగకుండా చక్రం కింద చెక్క పెట్టుకోవాలి.

వెనక యాక్సిల్‌ది ఇంకో కథ. రెండు చక్రాలూ ఒకే ఇనుప దూలానికి ఉంటాయి. దూలం ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టడానికి కింద రెండు చేతులు. పక్కకు జరగకుండా పైన ఏటవాలుగా ఇంకో రెండు. మలుపులో బండి ఒరిగితే ఈ నాలుగూ నాలుగు దిక్కులకు లాగుతాయి. మెత్తటి రబ్బరు బుష్‌లు ఆ తగాదాను కొంతదూరం సర్దుబాటు చేస్తాయి. ఆ హద్దు దాటితే వెనక భాగం బిగుసుకుని, చక్రాల పట్టు చటుక్కున జారి తోక తిరిగిపోతుంది. దూలానికీ బాడీకీ మధ్య అడ్డంగా ఒక కడ్డీ బిగిస్తే పక్క ఊపు పని దానికి అప్పజెప్పినట్టవుతుంది. పన్హార్డ్ రాడ్ అంటారు. పెట్టడం శనివారం పని. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందంటారు; ఈ గుర్రం మాత్రం గట్టి రౌతుకైనా ఆ కడ్డీ లేకపోతే తిరగబడుతుంది.

హెల్మెట్ దగ్గర పొదుపు వద్దు. పీట్ స్నెల్ అనే రేసర్ 1956లో హెల్మెట్ కాపాడక తలకు దెబ్బ తగిలి పోయాడు. మరుసటి సంవత్సరం మిత్రులు అతని పేరిట పెట్టిన సంస్థ ముద్రే ఇవాళ్టికీ రేసు హెల్మెట్‌లో చూస్తారు. కార్లకిచ్చే ‘ఎస్ఏ’ ముద్రకు మంటల పరీక్ష కూడా ఉంటుంది, మోటార్‌సైకిల్ హెల్మెట్‌కు ఉండదు.

మీ బంధువులెవరైనా అమెరికాలో ఈ కారు కొనబోతుంటే ఒక్క మాట చెప్పండి. బానెట్ ఎత్తి ఇంజను చప్పుడు వినేముందు వెనక సీటు పీకమనండి, తర్వాత కారు కింద పడుకోమనండి. ఆ నాలుగు చేతులూ బాడీకి బిగిసేచోట రేకు పెట్టెలుంటాయి. టార్క్ బాక్సులంటారు. అక్కడ చిరుగు గానీ, రంగు కింద కొత్త వెల్డింగు గానీ కనిపిస్తే ఆ రిపేరు ఖర్చు బేరంలో తగ్గించమని అడగాలి, తగ్గించకపోతే తాళం తిరిగిచ్చి రావాలి.