బొబ్బను చిదమకండి

పొద్దున్న అన్నం ఉడికింది. కోడలు గంజి వారుస్తోంది. మసిగుడ్డ జారింది. మరిగే గంజి చేతిమీద పడింది.

“ఓలమ్మో! సెయ్యి కాలిపోనాది!”

ఇరుగుపొరుగు వచ్చారు. ఒకామె ఉప్పు రాయమంది. ఒకామె పేడ పుయ్యమంది. ఇంకొకామె పళ్ళ పేస్టు తెచ్చింది. అత్త ఎవరి మాటా వినలేదు. కోడల్ని బోరింగు దగ్గరకు తీసుకెళ్ళింది. అదే సరైన పని.

గంజి చిక్కగా ఉంటుంది. ఒంటికి అంటుకుంటుంది. దాని వేడి తొందరగా వదలదు. లోపలికి దిగుతూనే ఉంటుంది. అందుకే చల్లని నీళ్ళు ధారగా 20 నిమిషాలు పొయ్యాలి. వెంటనే పొయ్యడం మంచిది. ఆలస్యమైనా 3 గంటల లోపు పోస్తే ఉపయోగమే. ఐసు పెట్టకూడదు. అది కాలిన చర్మాన్ని ఇంకా పాడుచేస్తుంది. పసిపిల్లలకైతే కాలిన చోటే నీళ్ళు పోసి, మిగతా ఒళ్ళు వెచ్చగా కప్పాలి.

నీళ్ళు పోస్తూనే గాజులు, ఉంగరం తీసెయ్యాలి. ముత్తయిదువ గాజులు తియ్యకూడదని కొందరంటారు. చెయ్యి వాచాక గాజు బిగుసుకుంటే రక్తం ఆడదు. వాపు తగ్గాక మళ్ళీ వేసుకోవచ్చు కదా!

కాసేపటికి బొబ్బలు లేస్తాయి. బొబ్బలో ఉన్నది చీము కాదు. మన ఒంట్లోంచి ఊరిన నీరే. పైనున్న చర్మం కింది పచ్చిపుండుకు కప్పు. పిన్నీసుతో పొడిస్తే వానాకాలంలో ఇంటి కప్పు తీసేసినట్టే. క్రిములు లోపలికి పోతాయి. పేడలో ధనుర్వాతం క్రిములుంటాయి. ఉప్పు మంట పెంచుతుంది. పేస్టు పూస్తే పుండు ఎంత లోతుందో డాక్టరుకు కనపడదు.

ఉతికి ఆరేసిన మెత్తని నూలుగుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి వెళ్ళాలి. ధనుర్వాతం సూది కావాలేమో అడగాలి. బొబ్బ దానంతట అదే పగిలితే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. శుభ్రమైన నీళ్ళతో పుండు కడిగి, డాక్టరు ఇచ్చిన మందు రాసి కట్టు కట్టాలి.

గాయం అరచెయ్యికంటే పెద్దదైనా, ముఖం, చేతులు, కీళ్ళు, మర్మస్థానం కాలినా, పసిబిడ్డకు కాలినా ఇంట్లో ఉండకూడదు. 108కి ఫోను చెయ్యాలి. ఆ బండికి డబ్బు ఇవ్వక్కర్లేదు. విశాఖపట్నం కేజీహెచ్‌లో కాలిన గాయాలకు వేరే వార్డు ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదట మొదలైన 3 జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. పెద్ద కాలిన గాయాల వైద్యం అందులో ఉంది. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ.

అత్త ఒక్కచోట తప్పు చేసింది. కోడలికి పత్యం పెట్టింది. పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందంది. అది నిజం కాదు. కొత్త చర్మం రావాలంటే పప్పు, గుడ్డు, చేప, పాలు కావాలి. నర్సమ్మ వచ్చి చెప్పాకే కోడలికి గుడ్డు దొరికింది.

నర్సమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. వేళ్ళు కదపకపోతే బిగుసుకుపోతాయి, వంకరపోతాయి. ఉభాల్లో నారు పట్టే చెయ్యి అది. అందుకని కోడలు నొప్పి ఉన్నా రోజూ వేళ్ళు ముడిచింది, చాచింది.

చీము, చెడ్డ వాసన, జ్వరం వచ్చినా, ఎర్రదనం చుట్టూ పాకినా వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. 2 వారాలకు మానకపోయినా చూపించాలి. మానాక వచ్చే చర్మం లేతది. కొబ్బరినూనె రాయాలి. ఎండ తగలనివ్వకూడదు.

ఉభాల నాటికి కోడలి చెయ్యి మానింది. మగని పాత పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని మడిలోకి దిగింది.